ఇరవై మూరల గంట తాడు

మా డిపో మెకానిక్ పచ్చ రంగు నైలాను తాడు చుట్ట ఒకటి భుజాన వేసుకొని బస్సెక్కాడు. నేను వెనక సీట్లో కూర్చుని టిక్కెట్ల మిషనులో కొత్త రోలు వేసుకుంటున్నాను. కప్పు వెంబడి ముందు నుంచి వెనకదాకా పోయే గంట తాడును ఆయన రెండు వేళ్లతో పట్టుకొని చూసి మొహం అదోలా పెట్టాడు.

"ఇది మారుస్తాండానమ్మా. మీ రెండో డ్యూటీ వాళ్లు కంప్లెయింటు రాసినారు. వానొస్తే గంట దానంతటదే మోగుతాదంట. డ్రైవరు బ్రేకేస్తే దిగేవాళ్లు ఎవురూ ఉండరంట. యాడిదమ్మా ఈ తాడు? మన స్టోరుది కాదే."

"దాని జోలికి పోవద్దు" అన్నాను.

నా గొంతు నేననుకున్నదానికన్నా పెద్దగా వచ్చినట్టుంది. ఆయన చప్పున చేయి తీసేశాడు. నాకు కోపం ఎక్కువని డిపోలో అందరికీ తెలుసు కాబట్టి నొచ్చుకోలేదు.

"ఎవురు కట్టిరి?"

"ఒక తాత."

"మీ తాతా?"

"కాదు. ప్యాసింజరు."

ఆయన నన్ను ఒకసారీ తాడును ఒకసారీ చూసి, పచ్చ చుట్ట సర్దుకొని దిగిపోయాడు. మళ్లీ వస్తాడు. కంప్లెయింటు కాగితం మీద ఉంది కదా. వచ్చేలోగా ఆ ప్యాసింజరు సంగతి నాకు నేనైనా ఒకసారి వరసగా చెప్పుకోవాలి.

ఆయన పేరు నాకు తెలియదు. ఆరేళ్లు నా బస్సెక్కాడు, హిందూపురం నుంచి పెనుగొండ మీదుగా ధర్మవరానికి, వారానికి రెండు మార్లు. మా ఉద్యోగంలో ఎవరినీ పేరు అడగం, "యాడికి?" అనే అడుగుతాం. ఆధార్ కార్డు చూపిస్తే పెద్దవాళ్లకు రాయితీ ఉంది తాతా అని ఎన్నిసార్లు చెప్పినా, "నాకేమంత వయసైంది పాపా" అని ఫుల్ టిక్కెట్టే తీసుకునేవాడు. కార్డు ఒక్కసారి చూపించి ఉంటే పేరైనా తెలిసేది.

మొదటిరోజే మాకు తగువు. ఆయన చంకలో ఒక మూట. దాన్ని ఎక్కించగానే బస్సంతా పశువుల కొట్టం వాసన కొట్టింది. ముందు సీట్లో పట్టుచీర ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"ఏం తాతా, పేడ మోసకపోతాండావా? దించు."

"పేడ కాదు పాపా, నార. జనపనార" అన్నాడు. మూట విప్పి చూపించాడు. పాత పలుపులూ పగ్గాలూ, బావులు ఎండిపోయాక గోడకు వేలాడిన చేంతాళ్లూ ఇంటింటికీ తిరిగి అడుక్కొచ్చి, వాటి పురి విప్పి తీసిన నార అది. దాన్ని దువ్వి, మళ్లీ కొత్త తాడు పేనేవాడు. "తాడు పాతదైతాది గానీ నార పాతది కాదు" అన్నాడు. నాకు వెంటనే కోపం పోయింది. నా కోపం అంతే, అగ్గిపుల్ల మాదిరి.

ఆయన సీటు ఖాళీగా ఉన్నా లోపలికి పోయేవాడు కాదు. వెనక డోరు పక్కన ఒంటి సీట్లో కూర్చుని, పంచె మోకాలి పైదాకా ఎత్తి, తొడ మీద నార పేనేవాడు. ఎడమ చేత్తో నార అందిస్తూ కుడి అరచేత్తో తొడ మీద కిందికొక తోపు, పైకొక తోపు. ఆ తోపులకు ఆ తొడ మీద ఒక్క వెంట్రుక లేదు, నున్నగా గచ్చు మాదిరి ఉండేది. మాటలు చెబుతున్నా, కునుకు తీస్తున్నా చేయి ఆగేది కాదు. నా దూరాలు నాకు కిలోమీటర్లలో ఉంటాయి, ఆయనవి మూరల్లో, బారల్లో. పెనుగొండ చేరేలోపు పేనే పురి ఆరు బారలు. ధర్మవరం పదమూడు. బండి సోమందేపల్లి దాటగానే చేతిలో పురి కొలుచుకొని, "ఈపొద్దు రెండు మూరలు లేటు పాపా" అనేవాడు. నేను గడియారం చూసేదాన్ని. నిజంగానే లేటుగా ఉండేది. మా డ్రైవరు బాషన్నకు ఇది అసలు గిట్టేది కాదు.

"ఆ తాతను ముందు దించేయమ్మా, నా టైమంతా తొడమీద రాస్తాండాడు" అనేవాడు.

హిందూపురం దాటేటప్పుడు ఊరి చివర ఒక కల్యాణమండపం వస్తుంది. అది రాగానే తాత కిటికీలోంచి తల పెట్టి చూసేవాడు. అక్కడ ఒకప్పుడు నార మిల్లు ఉండేదట. తాత ఆ మిల్లు గేటు దగ్గర నార చూసేవాడు. చూడడమే ఉద్యోగం. చిలమత్తూరు వైపు నుంచి, తనకల్లు వైపు నుంచి జనపనార కట్టలు బండ్ల మీద వచ్చేవి. ఏ కట్ట ఏ రకమో గేటు దగ్గరే తేల్చాలి. తాత తేల్చినాకే లోపల దువ్వెన మిషను దగ్గరికి పోయేది.

"ఎట్ల తేల్చేవాడివి తాతా?"

"కండ్లు మూసుకొని."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. రైతు మంచి నార కట్టకు పైన పెట్టి, పీచు లోపల దూరుస్తాడట. కళ్లు తెరిస్తే పైనున్న నార మోసం చేస్తుందని, కళ్లు మూసుకొని కట్ట నడిమధ్యకు చేయి దూర్చి ఒక పోగు లాగేవాడట. దాన్ని చెంపకు ఆనించుకుంటే తడి ఎంతో తెలుస్తుంది. తరువాత చెవి దగ్గర పెట్టుకొని తెంపాలి. "టప్‌మని తెగితే మంచి నార. పిస్‌మంటే చెరువులో ఒక పూట ఎక్కువ నాని మురిగినట్ల" అనేవాడు. ఆ అలవాటు ఆయనకు పోలేదు. బస్సులో ఎవరి సంచి కనబడినా దాని పోగు లాగి చెవి దగ్గర పెట్టుకునేవాడు. శెనక్కాయల సంచి ఆయన ఒకడు తగులుకున్నాడు కూడా, "ఏమప్పా, నా సంచి యాటికి పీకుతాండావు?" అని.

"ఇప్పుడా మిల్లు తావన పెండ్లిండ్లు జరుగుతాండాయి" అని తాత నాకు చూపించాడు. "పెండ్లికొడుకు నిలబడే తావనే నా స్టూలు ఉండె."

మిల్లు మూతపడిన రోజు ఎట్లుండె అని అడిగాను. ఏడుస్తాడేమో అనుకున్నాను, ఓదార్చడానికి కూడా సిద్ధంగా ఉన్నాను. ఆయన పురి పేనుతూనే చెప్పాడు. "ఏముండాది. పొద్దున్నే సైరన్ మోగల్యా. నేనైతే పోయి గేటు తావ కూసున్యా. సాయంత్రం దాకా ఒక బండీ రాలే. లేసి ఇంటికొస్తి." అంతే. తరువాత పక్కనామెను చంటిబిడ్డకు ఎన్నో నెల అని అడిగాడు.

మిల్లును మింగింది నైలాను తాడూ ప్లాస్టిక్ సంచీ అని నాకు తెలుసు. తాత వాటిని తిడతాడని ఎదురు చూశాను, తిట్టలేదు. ఒక మూర నైలాను తాడు అంగట్లో అడిగి తెచ్చుకొని, రెండు వారాలు బస్సెక్కినప్పుడల్లా దాన్నే విప్పుతూ, పేనుతూ, లాగుతూ కూర్చున్నాడు. ఐదో మారు ఎక్కినప్పుడు తీర్పు చెప్పాడు. "మంచి సరుకే పాపా. కుళ్లదు, చీకదు. కాకపోతే పట్టుకుంటే సాగుతాది. దానికి తప్పించుకునే గుణం ఉండాది." అని, చేయెత్తి మా బస్సు గంట తాడు పట్టుకొని చూపించాడు. అప్పట్లో అదీ నైలానే. లాగితే ముందు తాడు సాగేది, ఆ తరువాత ఎప్పుడో గంట మోగేది. నాకు అలవాటైపోయి రెండుసార్లు లాగేదాన్ని.

సాగని తాడు కావాల్సినవాడు ధర్మవరంలో ఒకాయన ఉన్నాడు. గుంతమగ్గం మీద పట్టుచీరలు నేస్తాడు. మగ్గం మీద పడుగును బిగించి పట్టుకునేది ఒక తాడు. అది నేతగాడి చేతి దగ్గరికి వచ్చి గుంజకు చుట్టుకొని ఉంటుంది, నేసేకొద్దీ కొంచెం కొంచెం వదులుతారు. ఆ తాడు నైలానుదైతే మధ్యాహ్నానికి సాగి పడుగు వదులవుతుంది, చీర ఒక చోట గట్టిగా ఒక చోట పల్చగా వస్తుంది. అందుకని ఆయన తాత తాడే వాడేవాడు. తాత ధర్మవరం ప్రయాణాలన్నీ ఆయన కోసమే. ఒక్క మనిషి కోసం పదమూడు బారలు పోయేవాడు.

"ఆయన కూడా వద్దంటే?" అన్నాను ఒకసారి.

"వద్దనడు. కానీ పాపా, పాత తాళ్లు అయిపోవస్తాండాయి" అన్నాడు. ఆ మాట మాత్రం చేయి ఆపి చెప్పాడు. విప్పడానికి ఊళ్లలో ఇంక జనప తాళ్లు మిగల్లేదు. నేతాయన మగ్గం తాడు చీకిపోతోంది, ఇరవై మూరల కొత్త తాడు కావాలి, అంత నార లేదు.

"జనుము చేన్లలో యాడ చూసినా ఉండాది కదా తాతా" అన్నాను. రోడ్డు పక్కన నాకే కనబడుతుంది.

"ఉండాది. ఇత్తనం ఉండాది, చెరువు ఉండాది, నా చెయ్యి ఉండాది. నిలబడే దినాలే ల్యా."

నాకు అర్థం కాలేదు. విప్పి చెప్పాడు. ఇప్పుడు జనుము చల్లేది నార కోసం కాదు, ఎరువు కోసం. పూతకు రాగానే మడిలోనే దున్నేసి, దాని మీద వరి నాటుతారు. నార కావాలంటే ఇంకో నెలా నెలన్నర నిలబడాలి. అన్ని రోజులు మడిని ఊరికే ఎవరు ఆపుతారు? చెరువు కట్టల కింద మడులు కనబడిన ప్రతిచోటా తాత దిగి, ఆ చేనువాళ్లను అడిగి, తరువాతి బస్సులో వచ్చేవాడు. అందరికీ ఒకటే మాట: "రెండు బారల వెడల్పు నిలబడనీండప్పా." ఎవరూ నిలబెట్టలేదు. ఒక్క జనుము చేను నిలబడింది చూసి, దాంతో ఇరవై మూరల తాడు పేని, అది మగ్గం మీద బిగిసి పని చేస్తుండగా చూడాలి. ఆయనకింక వేరే ఆశ ఏదీ ఉన్నట్టు నాకు కనబడలేదు.

చివరికి మాట దొరికింది నా బస్సులోనే. పెనుగొండకు ఇవతల చెరువు కట్ట స్టాపులో ఎక్కే ఓబులమ్మకు ఆ చెరువు కింద మడి ఉంది. తాత ఆమెను కూడా అడిగాడు. ఓబులమ్మ గడుసుది.

"నిలబెడితే నాకేమొస్తాది తాతా?"

తాత ఆలోచించి, "ఏమీ రాదమ్మా" అన్నాడు.

ఓబులమ్మ పకపకా నవ్వింది. "ఇంత నిజం చెప్పేవానికి ఒక వార ఇయ్యకపోతే ఎట్ల. గట్టు పక్క రెండు బారలు వదిలేస్తా పో."

ఆ రోజు నుంచి ఆ గట్టు వార మా బస్సు మొత్తానికి సొంతమైపోయింది. తాత ఒత్తుగా చల్లించాడు, కొమ్మలు వేయకుండా నిటారుగా పెరగాలని. చెరువు కట్ట రాగానే రోజూ ఎక్కేవాళ్లు కూడా కిటికీల్లోంచి చూసేవాళ్లు. మోకాలి ఎత్తు, నడుము ఎత్తు, పచ్చటి పూత. బాషన్న అక్కడ బండి స్లో చేసేవాడు. అడిగితే గుంతలున్నాయి అనేవాడు. ఒక్క గుంతా లేదు.

పూత బాగా విచ్చుకున్న రోజుల్లో, తాత రాని రోజున, నేను వెనక డోరు దగ్గర నిలబడి ఉండగా చూశాను. ఓబులమ్మ మడిలో ట్రాక్టరుకు తగిలించిన రోటావేటరు తిరుగుతోంది. ముందురోజు దున్నేసిన మడిని రెండోసారి తిప్పేసి, గట్టు వార లోపలికి తిరిగింది. ఓబులమ్మ ఎక్కడా కనబడలేదు.

తాడు లాగాను. సాగింది, మోగలేదు. మళ్లీ లాగాను. మోగలేదు. మూడోసారి వేలాడినట్టు లాగితే మోగింది. బాషన్న బ్రేకేసేసరికి బస్సు మలుపు దాటింది. నేను దూకి వెనక్కి పరుగెత్తాను. భుజాన సంచి, చేతిలో టిక్కెట్ల మిషను, వెనక బస్సంతా కేకలు. "ఈ కండక్టరమ్మకు ఏం పుట్టెరా" అని ఎవరో అనడం వినబడింది. గట్టు దూకి ట్రాక్టరు ముందు నిలబడ్డాను. అప్పటికే సగం వార మట్టిలో కలిసిపోయింది.

ట్రాక్టరాయన కిందికి దిగి నన్ను ఎగాదిగా చూశాడు. పాపం, ఆయన తప్పేం చేయలేదనే అనుకున్నాడు. ఓబులమ్మ ముందురోజు చెప్పింది వేరే డ్రైవరుకు. ఈయన బదులుగా వచ్చినవాడు. పూతకొచ్చిన జనుము గట్టు పక్క మిగిలిపోతే, ముందు దున్నినవాళ్లు మరిచిపోయారనుకున్నాడు.

"పూత దాటితే ముదిరి మట్టిలో చివకదు కదమ్మా. ఆమెకు నష్టమొస్తాదని నేనే దయతలిచి దున్నితి" అన్నాడు.

ఆయన్ని ఏమని తిడతాను? జనుము ఎందుకు చల్లుతారో ఆయనకు తెలిసినంతలో అది మంచి పనే. నేనే ఇంతకుముందు అట్లా అనుకున్నదాన్ని. పదకొండు నిమిషాలు లేటు. డిపోలో సంజాయిషీ అడిగితే ప్రయాణికురాలికి వాంతులయ్యాయని రాశాను. అబద్ధమే.

తాత తరువాతి మారు ఎక్కినప్పుడు, ఆయన చూడకముందే చెప్పేద్దామని హిందూపురం దాటకుండానే చెప్పాను.  తాత అంతా విని, ఒక్కటే అడిగాడు.

"గంట ఎన్నో లాగుడుకు మోగె?"

"మూడో దానికి."

చేయెత్తి ఆ నైలాను తాడును పట్టుకొని, సాగదీసి వదిలి, మళ్లీ సాగదీశాడు. "రెండు లాగుళ్లకు ఒక బార పాయె" అన్నాడు. నన్ను తిడితే బాగుండేది. నవ్వి, "ఉండేది చాల్లే పాపా. ఒక బార ఉండాది కదా" అన్నాడు.

కోత కోసి, చెరువులో ముంచిన రోజు నాకు వీక్లీ ఆఫ్. ఏం చేస్తారో చూద్దామని పోయాను. కట్టలు కట్టి, నీళ్లలో పెట్టి, పైన బురద గడ్డలు బరువు పెట్టారు. ఐదో రోజున సెలవు పెట్టి మళ్లీ పోయాను. చెరువు కట్ట మీద నిలబడే వీల్లేనంత కంపు. నేను ముక్కు మూసుకుంటే తాత నడుములోతు నీళ్లలోంచి కేకేశాడు.

"మూసుకోవద్దు పాపా, ముక్కే గడియారము. ఒక పూట ముందు తీస్తే బెరడు, ఒక పూట వెనక తీస్తే కుళ్లు. వాసన పుల్లగా ఉన్నంతసేపు గమ్మునుండల్ల. తీపు తిరిగేటప్పుడు తీయల్ల."

మూసుకున్న ముక్కు వదిలి పీల్చాను. పులుపే. ఎంతసేపు పీల్చినా పులుపే. మధ్యాహ్నం నేను మజ్జిగ తాగి వచ్చేసరికి, నిజంగానే, బాగా మాగిన పండు వాసన సన్నగా వచ్చింది. తాత అప్పటికే కట్ట నడిమి నుంచి ఒక పుల్ల లాగి, మొదలు దగ్గర విరిచి, నార పట్టుకొని లాగుతున్నాడు. చొక్కా విప్పినట్టు నార మొత్తం ఊడి వచ్చింది, చేతిలో తెల్లటి పుల్ల మిగిలింది. నీళ్ల మీద కొట్టి కొట్టి కడిగితే నార బంగారం రంగుకు తిరిగింది. ఒక పోగు చెవి దగ్గర పెట్టుకొని తెంపాడు. నా చెవి దగ్గర కూడా పెట్టి తెంపాడు. టప్‌మంది.

"మిల్లులో అయితే ఒగటో రకం" అన్నాడు. ఆ మాటన్నప్పుడు ఆయన మొహం నేను మరిచిపోను.

తాడు పేనింది హిందూపురం బస్టాండులో. మూడు పురులు కలిపి మెలివేయాలంటే కొసన ఇంకొకరు పట్టుకోవాలి. నా బస్సు బయలుదేరేలోపు రోజూ పావుగంట, ప్లాట్‌ఫారం స్తంభాల మధ్య నేను కొస పట్టుకొని కట్టె తిప్పితే, ఆయన రెండో కొస నుంచి మెలి నడిపించుకుంటూ వచ్చేవాడు. అప్పటికే ఆయనకు ఆయాసం మొదలైంది. ఆగి, గాలి పీల్చుకొని, మళ్లీ పేనేవాడు. పది రోజులకు ఇరవై మూరలయింది. ఒక్క పోగు పైకి లేవకుండా, గుండ్రంగా, వేలంత లావు.

ధర్మవరంలో నాకు గంట విరామం. తాడు మగ్గానికి కట్టడం చూడాలని నేనూ వెంట పోయాను. తాత కొత్త పంచె కట్టుకున్నాడు. సందులోకి తిరగకముందే టకటకా చప్పుడు వినబడింది. గుంతమగ్గం చప్పుడు అట్లా ఉండదు. తాత నడక నిదానించింది. ఆగాడనుకున్నాను, ఆగలేదు.

నేతాయన బయటికి వచ్చి, తాత చేతిలోని తాడు చూసి, తల దించుకున్నాడు. లోపల కరెంటు మగ్గం ఆడుతోంది. గుంత ఉన్నచోట సిమెంటు వేశారు. సిమెంటు ఇంకా కొత్తగా, నల్లగా ఉంది.

"చెప్పి పంపుదామనుకుంటి తాతా. నెలాయె నువ్వు ఇట్ల రాక, నీ ఇల్లు యాడో తెలీకపాయె" అన్నాడు. "నాకు నడుము పట్టేసింది. గుంతలో కూసోలేకపోతి. పిల్లోళ్లు పట్టుబట్టిరి."

"ఈ మగ్గానికి తాడు పనే లేదా?" అని నేనే అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

"అంతా ఇనుమేనమ్మా."

తాత లోపలికి పోయి, ఆ మిషను చుట్టూ ఒకసారి తిరిగి, ఎక్కడ ఏది దేన్ని లాగుతోందో వంగి వంగి చూశాడు. అంత బాధలోనూ చూడాలనే ఉందాయనకు. "బాగుండాది" అన్నాడు. నేతాయన తాడు తీసుకొని ఇంట్లో పెట్టుకుంటానని, జ్ఞాపకంగా ఉంటుందని అన్నాడు. తాత ఇవ్వలేదు.

"గోడకు తగిలిస్తే తాడు కాదప్పా అది. లాగితేనే తాడు."

బస్టాండుకు తిరుగు దారి పట్టాం. తాడు భుజాన వేసుకొని నా ముందు నడిచాడు. ఎంత సన్నని మనిషో ఆ రోజే గమనించాను. నాకు ఏడుపొచ్చింది. ఒక్క నార పోగుకు కూడా ఈ లోకంలో పని లేకుండా పోయిందా అని కోపం కూడా వచ్చింది. ఎవరి మీద వచ్చిందో తెలియదు. బస్సు దగ్గరికి వచ్చి నేనే అన్నాను, "తాతా, నా గంటకు కట్టు."

"మీ బస్సు సర్కారుది కదా పాపా."

"నేను చూసుకుంటా. కట్టు."

బాషన్న డిపోవాళ్లు ఊరుకోరని మొదలుపెట్టి, తాత మొహం చూసి, స్టెప్పు ఎక్కి తానే పాత తాడు ఊడదీశాడు. తాత గంట దగ్గర నుంచి వెనక డోరుదాకా తాడు నడిపించి, డోరు పైని కడ్డీకి రెండు చుట్లు చుట్టి ముడి వేశాడు. సరిగ్గా సరిపోయింది. నా చేయి పట్టుకొని ఆ చుట్ల మీద పెట్టి నేర్పించాడు. "జనప తాడు తడి తగిలితే బిగుస్తాది. మోడం పట్టిన దినము ఒక చుట్టు వదులు చెయ్. ఎండకు మళ్లీ బిగించు. చెయ్యకపోతే వానకు అదే గంట లాగేస్తాది."

తరువాత, ఆరేళ్లలో ఎప్పుడూ అడగనిది అడిగాడు. "నేనొకసారి లాగొచ్చునా పాపా?"

గంట లాగేది కండక్టరే. లాగమన్నాను. ఆయన రెండు వేళ్లతో, మెల్లగా, ఒక్క అంగుళం లాగాడు. ఠంగ్‌మంది. అంత స్పష్టంగా ఆ గంట మోగడం నేను ఎన్నడూ వినలేదు. బాషన్న ముందు నుంచి, "ఒక్క లాగుడుకే" అన్నాడు.

తాత ఆ తరువాత రెండు నెలలు వచ్చాడు. ధర్మవరంలో పని లేదు, అయినా వచ్చేవాడు. తొడ మీద పేనడానికి నార లేదు. ఊరికే కూర్చుని, గంట మోగినప్పుడల్లా పైకి చూసేవాడు. ఆఖరి మారు చెరువు కట్ట దగ్గర తానే లేచి గంట లాగాడు. టిక్కెట్టు ధర్మవరందాకా ఉంది తాతా అన్నాను. "ఉండనీలే" అని దిగి, ఓబులమ్మ మడి గట్టు మీద నిలబడి, మమ్మల్ని పొమ్మని చెయ్యూపాడు. నేను రైట్ అన్నాను.

మూడు వారాలు రాకపోతే హిందూపురం బస్టాండు టీ అంగట్లో అడిగాను. "నార తాతనా? పోయినాడు కదమ్మా, పది దినాలాయె" అన్నాడు టీ ఆయన. ఇల్లెక్కడో ఆయనకూ తెలియదు. పోయి ఒక పూలదండ వేయడానికి నాకు పేరూ లేదు, ఊరూ లేదు. పదమూడు బారల దూరం మాత్రం తెలుసు.

ఇదీ సంగతి. మెకానిక్ మళ్లీ వస్తే ఏం చెప్పాలో ఇప్పుడు తెలుస్తోంది. తాడులో లోపం లేదు. మబ్బు పట్టినప్పుడు ఒక చుట్టు వదులు చేస్తే గంట దానంతటది మోగదు, రెండో డ్యూటీ వాళ్లకు అది నేర్పిస్తాను. వాళ్లు వదులు చేసుకోనీ.

నా డ్యూటీలో మాత్రం నేను వదులు చేయను.

మొన్న పెనుగొండ ఇవతల జల్లు పడింది. కిటికీల్లోంచి తుంపర కొట్టింది. చెరువు కట్ట దాటుతుండగా పైన తాడు బిగిసింది, గంట మోగింది. బాషన్న బండి ఆపాడు. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ లేవలేదు. బాషన్న అద్దంలోంచి నన్ను చూసి, రోజూ అడిగేదే అడిగాడు.

"ఎవురమ్మా దిగేది?"

నేను డోరు తీసి, ఒకరు దిగేంతసేపు ఆగి, వేశాను.

"దిగినాడన్నా. రైట్."